యానాంలో పాత మండువా ఇంట్లో బార్: ఏసీ ఉన్నా జిడ్డు, గోడలు పెచ్చులూడుతున్నాయి

యానాం_కుర్రోడు
మా మేనమామ గారి పాత ఇల్లు యానాంలో ఉంది. గోదావరి గట్టుకి ఐదు నిమిషాల నడక. రోడ్డు వైపు ఫ్రెంచి వాళ్ళ కాలం తరహాలో లావు స్తంభాలు, ఎత్తుగా రెక్కల కిటికీలు. ముందు పెద్ద హాలుకి మద్రాసు మిద్దె, అంటే దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన చదును కప్పు. వెనక్కి వెళ్తే మామూలు మన గోదావరి మండువా, మధ్యలో పైకప్పు లేని ముంగిలి, చుట్టూ వసారాలు, పెంకులు. గోడలు ఒకటిన్నర అడుగు పైనే. దీన్ని రెస్టారెంటు కమ్ బార్ చేద్దామని పోయినేడాది మొదలుపెట్టాం. లైసెన్సు గొడవ అయిపోయింది, దాని గురించి అడగకండి.

సిటీ నుంచి తెచ్చుకున్న డిజైనరు "ట్రాపికల్ థీమ్" అని ఒక త్రీడీ బొమ్మ చూపించాడు. గోడ నిండా పెద్ద పెద్ద ఆకుల వాల్‌పేపరు, గులాబీ రంగు కొంగలు, ఫాల్స్ సీలింగు, మండువా మీద పాలికార్బొనేట్ షీటు వేసి మూసేయడం, మొత్తం 12 టన్నుల ఏసీ. బొమ్మ బాగుందని మొదట ముందు హాలు వరకు చేయించాం. పాత గోడ పూత పాడైందని సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింట్ కొట్టారు. సీలింగులో బిగించే 3 టన్నుల క్యాసెట్ ఏసీలు రెండు పెట్టారు. సెప్టెంబరు నుంచి హాలు ఒక్కటీ నడుపుతున్నాం, 40 సీట్లు.

ఇప్పుడు గోడల కింద నడుం ఎత్తు వరకు పెయింటు బుడగలొచ్చి తెల్లటి పొడి రాలుతోంది. ఏసీ 18లో పెట్టినా చల్లగా ఉంటుంది గాని ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది, మెనూ కార్డులు మెత్తబడిపోతున్నాయి. ఫాల్స్ సీలింగు మూలన ఒక చోట పసుపు మరక. కరెంటు బిల్లు చూస్తే మామయ్య మాట్లాడ్డం మానేశారు. డిజైనరేమో మండువా కూడా మూసేస్తే అంతా సెట్ అవుతుందంటున్నాడు. మూసేయాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

డ్రైడే_దాసు
ఒకప్పుడు బాల్యవివాహాల్ని ఆపే శారదా చట్టం తప్పించుకోడానికి పెళ్ళి కోసం ఫ్రెంచి వాళ్ళ యానాం వెళ్ళేవారట, ఇప్పుడు మందు కోసం వెళ్తున్నారు. ఊరు మాత్రం ఎప్పుడూ ఖాళీగా లేదు.

గానుగసున్నం
సీలింగు సంగతి తర్వాత, ముందు ఆ సిమెంటు. పాత ఇంటి గోడ ఇటుక, సున్నంతో కట్టింది. నేలలోంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది, డెల్టాలో అది ఆగదు. సున్నం పూత ఉన్నప్పుడు ఎక్కిన చెమ్మ ఎక్కినట్టే గాలికి ఆరిపోయేది. మీరు దాని మీద సిమెంటు, ఆపైన ప్లాస్టిక్ పెయింటు వేసి తలుపు గడియ పెట్టారు. నీళ్ళు బయటికి రాలేవు, దానితో వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి పెయింటుని తోస్తోంది. ఆ తెల్ల పొడి నాలుక మీద పెట్టి చూడండి, ఉప్పగా ఉంటుంది.

చెమ్మ ఎంత ఎత్తు ఎక్కిందో దానికి ఒక అడుగు పైదాకా సిమెంటు చెక్కి తీసేయండి. వెంటనే ఏమీ పూయొద్దు. గోడని ఆరనివ్వండి, నెలలు పడుతుంది. అప్పుడు గానుగ సున్నం, అంటే ఇసుకతో గానుగలో నూరిన సున్నం, పూయండి.

యానాం_కుర్రోడు
@గానుగసున్నం నెలలా? ఏప్రిల్‌కి మిగతాది తెరుద్దామనుకున్నామండి. గోడ నాకాల్సి వస్తుందని కూడా అనుకోలేదు.

లెక్కల_మాస్టారు
ఏసీల పని నాది, ఇరవై ఏళ్ళుగా. మీ హాలు కొలత చెప్పలేదు. కిచెన్ ఎక్కడుంది? ఎగ్జాస్ట్ ఫ్యాను ఎంతది? బీరు కూలర్లు, ఐసు మెషిన్ ఎక్కడ పెట్టారు?

యానాం_కుర్రోడు
హాలు 40 అడుగులు, 18 అడుగులు. ఎత్తు 15, ఇప్పుడు సీలింగు వేశాక 10. కిచెన్ హాలుని ఆనుకునే, మధ్యలో తలుపు లేదు, పొగ రాకుండా పెద్ద ఎగ్జాస్ట్ పెట్టారు. గాజు తలుపుల కూలర్లు మూడు, ఐసు మెషిన్ ఒకటి, అన్నీ కౌంటరు వెనకే.

లెక్కల_మాస్టారు
అనుకున్నా. ఆ ఎగ్జాస్టు మీరు డబ్బు పెట్టి చల్లబరిచిన గాలిని లాగి వీధిలో పోస్తోంది. పోయినంత గాలి ఎక్కడో అక్కడ లోపలికి రావాలిగా, రెక్కల కిటికీల సందుల్లోంచి, మిద్దె పగుళ్ళలోంచి గోదావరి గాలి వస్తోంది. సాయంత్రం బయట 33 డిగ్రీలు, తేమ 75 శాతం అనుకోండి. ఆ గాలి 28 డిగ్రీల కంటే చల్లని వస్తువు దేనికి తగిలినా బొట్టు కట్టేస్తుంది. చల్ల బీరు గ్లాసు బయట నీళ్ళు ఎందుకొస్తాయో మీ ఫాల్స్ సీలింగు పైన ఏసీ పైపుల మీద కూడా అందుకే వస్తున్నాయి. పసుపు మరక అదే.

జిడ్డు సంగతి. 6 టన్నులు హాల్లో పదిమంది ఉన్నప్పుడు మరీ ఎక్కువ. ఐదు నిమిషాల్లో గది చల్లబడుతుంది, కంప్రెసర్ ఆగుతుంది. గాలిలో నీళ్ళు తియ్యాలంటే కాయిల్ మీద, అంటే ఏసీ లోపలి చల్లటి గొట్టాల మీద, ఆ గాలి చాలాసేపు తిరగాలి, దానికి టైమే ఇవ్వట్లేదు. పైగా కంప్రెసర్ ఆగినా ఫ్యాను తిరుగుతూ కాయిల్ మీద తడిని మళ్ళీ గదిలోకే ఊదుతుంది. అందుకే చల్లటి జిడ్డు. ఇక హాలు నిండితే, ఎగ్జాస్టు లాగే తడిగాలికీ మనుషులకీ కలిపి అవే 6 టన్నులు చాలవు. అంటే ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ, నిండినప్పుడు తక్కువ. ఇంకో 6 కలిపితే ఇదే రోగం డబుల్ అవుతుంది.

ఊరికే కూర్చున్న మనిషి కూడా 100 వాట్ల పైనే వేడి వదులుతాడు. అరవై మంది అంటే దగ్గర దగ్గర 7 కిలోవాట్లు, రెండు టన్నుల ఏసీ మనుషులకే పోతుంది. డ్యాన్సు చేస్తే ఇంకా ఎక్కువ.

డ్రైడే_దాసు
అంటే మేం తాగి పడుకుంటే పర్యావరణానికి మంచిదన్నమాట

లెక్కల_మాస్టారు
@డ్రైడే_దాసు నిద్రపోతే 70, 80 వాట్లే. మీ త్యాగం లెక్కలోకి వస్తుంది.

హైదరాబాదీ_కూలర్
ఇంత లెక్కలెందుకు బ్రో, మండువాలో నాలుగు పెద్ద డెజర్ట్ కూలర్లు, మిస్ట్ ఫ్యాన్లు పెట్టెయ్. మా దగ్గర రూఫ్‌టాప్‌లన్నీ అవే. మా తాతగారింట్లో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు, మే నెలలో కూడా దుప్పటి కప్పుకునేవాళ్ళం. ఇంతకంటే ఎకో ఫ్రెండ్లీ ఏముంటుంది?

పైరగాలి
@హైదరాబాదీ_కూలర్ ఆయ్, మీ హైదరాబాదు ఎండ పొడి ఎండండి. నీళ్ళు ఆవిరయితే చల్లబడుతుంది. ఇక్కడ గాలి ఇప్పటికే నీళ్ళు తాగి ఉంది, ఇంకా ఎక్కడ తాగుతుంది. మా కాకినాడ పెళ్ళిళ్ళలో ఆ మిస్ట్ ఫ్యాన్లు పెడతారు, కూర్చున్నవాళ్ళందరూ స్నానం చేసినట్టు లేస్తారు. వాసన మాత్రం బాగుంటుంది, వట్టివేళ్ళది.

హైదరాబాదీ_కూలర్
సరే ఒప్పుకున్నా. మరి ఆ ఉక్కలో మీరెలా బతుకుతున్నారు

పైరగాలి
సాయంత్రం గాలి తిరుగుతుంది కదా. దాని కోసమే ఆ ఇళ్ళు అలా కట్టింది. మండువాలో వేడిగాలి పైకి పోతుంటే కిటికీల్లోంచి గాలి లోపలికొస్తుంది. ఆ మండువాని ప్లాస్టిక్ షీటుతో మూస్తే కుక్కర్ మీద మూత పెట్టినట్టే. మూసేయాలా అని అడగడమేంటి అసలు.

బార్_ఓనరు_భీమవరం
అందరూ బాగా చెప్తున్నారు గాని ఒక్కరు కూడా బార్ నడిపినట్టు లేరు. నేను నడుపుతున్నా. మే నెలలో ఏసీ లేని బార్‌కి ఎవడొస్తాడు? కస్టమర్ లోపలికొచ్చి మొదట చూసేది మెనూ కాదు, ఏసీ ఎక్కడుందో చూసి దాని కిందకెళ్ళి కూర్చుంటాడు. వసారా గాలి, సున్నం గోడ అన్నీ ఫోటోకి బాగుంటాయి. చెమట పట్టినోడు రెండో రౌండ్ చెప్పడు, బిల్లు అడుగుతాడు. తమ్ముడూ ఏసీ మాత్రం తియ్యకు.

గానుగసున్నం
@బార్_ఓనరు_భీమవరం ఏసీ తియ్యమని ఎవరూ అనలేదండి. ఇల్లంతా ఫ్రిజ్ చెయ్యొద్దంటున్నాం.

ఇంకో సంగతి. ఆ ఫాల్స్ సీలింగు వీలైతే రేపే విప్పండి. మద్రాసు మిద్దె అంటే టేకు దూలాలు, వాసాలు, వాటి మీద ఇటుకలు ఏటవాలుగా అంచు మీద నిలబెట్టి సున్నంతో కట్టి, పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు, ఆపైన పలకలు. ఆ దూలాలకి గాలి తగలాలి, కంటికి కనపడాలి. మీరిప్పుడు అక్కడ ఒక చీకటి తడి గది కట్టారు. చెదలకి ఇంతకంటే మంచి హోటల్ దొరకదు. పాండిచ్చేరిలో పాత మునిసిపాలిటీ భవనం, ఫ్రెంచి వాళ్ళు 1870ల్లో కట్టింది, 2014 నవంబరు వానల్లో కూలిపోయింది, మళ్ళీ మొదట్నుంచి కట్టాల్సి వచ్చింది. సర్కారు కాబట్టి కట్టుకుంది.

చెదపురుగు
పేరు పెట్టుకున్న పాపానికి చెప్తున్నా, దూలం గోడలోకి దూరే చోట చూడండి. మధ్యలో ఎప్పుడూ బాగానే ఉంటుంది, చివర్లే పుచ్చిపోతాయి. సన్న స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే తెలిసిపోతుంది.

సింగపూర్_శీను
ట్రాపికల్ బార్ అంటే ఇక్కడ రాఫెల్స్ హోటల్లో లాంగ్ బార్ చూడాలి. హోటలు 1887 నాటిది. కప్పుకి వరసగా తాటాకు విసనకర్రల్లాంటి ఫ్యాన్లు, అన్నీ కలిసి ఒకేసారి అటూ ఇటూ ఊగుతుంటాయి. పల్లీలు ఒలిచి తొక్కలు నేల మీదే పడేయాలి, సింగపూర్‌లో ఫైన్ లేకుండా చెత్త వెయ్యగలిగే చోటు అదొక్కటేనేమో. కానీ నిజం చెప్పాలంటే ఆ విసనకర్రలు షోకే, కింద ఏసీ నడుస్తూనే ఉంటుంది. నేను వెళ్ళినప్పుడు చలేసింది.

మాటల_మూట
@సింగపూర్_శీను ఆ ఊగే ఫ్యాన్లు చూస్తే నాకు పంఖా గుర్తొస్తుంది. దొరలు లోపల తాగుతుంటే వసారాలో ఒకడు కూర్చుని కాలి వేలికి తాడు కట్టుకుని లాగేవాడు. ఇప్పుడా పని మోటారు చేస్తోంది, దాని ఫోటోకి లైకులు.

అసలు ఈ "ట్రాపికల్ థీమ్" అనేదే నాకు నవ్వొస్తుంది. ఆకులు, వెదురు, కొబ్బరి చిప్పల బార్లు 1930ల్లో కాలిఫోర్నియాలో మొదలయ్యాయి, చలి దేశం వాళ్ళు వెచ్చటి దేశాన్ని ఊహించుకుని కట్టుకున్నవి. మనం ఆ ఊహని ప్రింటు తెచ్చుకుని, నిజంగా కొబ్బరి చెట్లున్న ఊళ్ళో, కొబ్బరి చెట్లు కనపడే కిటికీని మూసి, ఆ గోడకి అంటించుకుంటున్నాం. గులాబీ కొంగలు కావాలంటే పులికాట్ సరస్సుకి వెళ్తే నిజమైనవే ఉంటాయి కదా.

యానాం_కుర్రోడు
@మాటల_మూట కొంగల వాల్‌పేపరు రోలు 14 తెప్పించాం, రిటర్న్ లేదు 😭

కొలంబో_కబుర్లు
మేం కొలంబోలో మూడేళ్ళున్నాం. అక్కడ ఫోర్టులో డచ్చి వాళ్ళ పాత ఆసుపత్రి ఉంది, 17వ శతాబ్దపుది. 2011లో బాగుచేసి హోటళ్ళు, బార్లు, దుకాణాలకి ఇచ్చారు. లావు గోడలు, పెంకు కప్పు, టేకు దూలాలు, మధ్యలో రెండు ఖాళీ ముంగిళ్ళు. ఆ ముంగిళ్ళని మూయలేదు, టేబుళ్ళు వేశారు. లోపలి గదుల్లో ఏసీ, బయట వసారాలో ఫ్యాన్లు. సాయంత్రం ఆరు దాటితే లోపల ఖాళీలున్నా జనం బయట కుర్చీల కోసం నిలబడతారు. యానాం వాతావరణానికి అది బాగా దగ్గర.

బార్_ఓనరు_భీమవరం
కొలంబో టూరిస్టులు వేరు, మనోళ్ళు వేరండి. మనోడికి వసారాలో కూర్చుంటే రోడ్డు మీద బావమరిది చూస్తాడని భయం.

డ్రైడే_దాసు
ఇది నూటికి నూరు శాతం కరెక్టు. డిజైన్‌లో బావమరిది కనపడని మూల ఒకటి తప్పనిసరి.

లెక్కల_మాస్టారు
ఇప్పుడు నాకే ఒక అనుమానం. అందరూ లావు గోడ చల్లగా ఉంటుందంటున్నారు. పగలు ఉంటుంది. పగలంతా తాగిన వేడి గోడలోంచి లోపలికి రావడానికి ఎనిమిది పది గంటలు పడుతుంది. అంటే రాత్రి ఏడు నుంచి పది. మీ బార్ టైమింగే. ఇంట్లో అయితే ఆ టైముకి అందరూ అరుగు మీదకొచ్చి కూర్చునేవాళ్ళు, అందుకే ఎవరికీ తెలిసేది కాదు. మిద్దె ఇంకా ఘోరం, ఎండ నడినెత్తిన పడేది దాని మీదే. కోస్తాలో రాత్రి కూడా పెద్దగా చల్లబడదు కాబట్టి గోడ పూర్తిగా ఖాళీ అవ్వదు.

పైరగాలి
@లెక్కల_మాస్టారు మీరు ఎవరి వైపండీ

లెక్కల_మాస్టారు
థర్మామీటరు వైపు. మందు కూడా చెప్తా. మిద్దె మీద ప్రతి ఎండాకాలం ముందు తెల్ల సున్నం కొట్టించండి, రెండు కోట్లు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చింది, దానిలో ఉన్నదీ ఇదే సంగతి, ఎండని తిప్పికొట్టే కప్పు. ఇంత ఖర్చు తక్కువ పని ఇంకోటి లేదు. పడమటి గోడకి పందిరి. రాత్రి బార్ మూశాక పై కిటికీలు తెరిచి తెల్లారే దాకా గాలి ఆడనివ్వండి, పొద్దున తొమ్మిదికి మూసేయండి. సోలార్ ప్యానెళ్ళు ఆ మిద్దె మీద మాత్రం పెట్టకండి, నీడ వస్తుంది నిజమే, దూలాలు ఎంత బరువు మోస్తాయో ముందు ఇంజినీరు చూడాలి. నీళ్ళ ట్యాంకు కూడా అక్కడుంటే దించేయండి.

పెద్దాపురం_పెద్దాయన
నాకు డెబ్భై ఒకటి. ఇలాంటి ఇంట్లోనే పుట్టాను. ఎవరూ అడగలేదు కాబట్టి నేనడుగుతాను. బాబూ, మీ మండువా తూము ఎటు పోతుంది? నాలుగు చూర్ల నీళ్ళు మండువాలోనే పడతాయి. ఆ నీళ్ళు పోయే తూము హాలు కిందనుంచో పక్క గది కిందనుంచో వీధి కాలవలోకి పోతుంది. మీ వాళ్ళు నేల చదును చేశారా?

యానాం_కుర్రోడు
@పెద్దాపురం_పెద్దాయన గారూ, హాలు నేల గచ్చు తీసేసి పెద్ద టైల్స్ వేశారు. తూము సంగతి తెలీదు. రేపు చూసి చెప్తాను.

హైదరాబాదీ_కూలర్
గచ్చు తీసేశారా?? ఆ ఎర్ర గచ్చు కోసం మా దగ్గర కేఫ్‌లు లక్షలు పెడుతున్నాయి బ్రో

యానాం_కుర్రోడు
చూశాను. మండువా మూల రాతి జల్లెడ ఉంది, నీళ్ళు పోస్తే పోవట్లేదు. మామయ్యని అడిగితే హాలు కిందనుంచే పోయేదని, వీధి వైపు అరుగు కింద బయటికొచ్చేదని చెప్పారు. అరుగు దగ్గర టైల్ వేసి మూసేశారు. అంటే సెప్టెంబరు, అక్టోబరు వానల నీళ్ళన్నీ హాలు కిందే ఉండిపోయాయి 🤦

అత్తయ్య ఇంకోటి చెప్పింది, ఆ డిజైనరు తులసి కోట తీసెయ్యమన్నరోజే నేను చెప్పాను వీడికి ఇల్లు తెలీదని, అని.

పెద్దాపురం_పెద్దాయన
అదే గోడలు తాగుతున్నాయి. ముందు తూము తెరిపించండి. తర్వాతే సున్నం, ఏసీ. తులసి కోటని పెరట్లోకి శాస్త్రోక్తంగా మార్పించుకోండి, చుట్టూ గ్లాసులు పెట్టుకుని కూర్చుంటే బాగుండదు.

గానుగసున్నం
పెద్దాయనకి దండం. నేను పై గోడ చూస్తూ కూర్చున్నాను, కింద కాలవ ఉందని తోచలేదు. ఆరడానికి నెలలని చెప్పాను, తూము తెరిస్తే కొంచెం త్వరగానే ఆరుతుంది. మిగిలిన ఉప్పు కోసం తడి కాగితపు గుజ్జు గోడకి మెత్తి, ఎండాక తీసేయండి. ఉప్పు దాంట్లోకి వచ్చేస్తుంది. రెండు మూడు సార్లు.

సున్నంలో కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు కలిపే మేస్త్రి ఇంకా దొరుకుతాడు, వెతకాలి. నునుపు పూతకి గుడ్డు తెల్లసొన కూడా వేసేవారు.

డ్రైడే_దాసు
విస్కీ సోర్‌లోకీ తెల్లసొనే, గోడకీ తెల్లసొనే. పచ్చసొన అంతా ఆమ్లెట్. సైడ్ డిష్ ఖర్చు కూడా కలిసొచ్చింది.

కొలంబో_కబుర్లు
తేమ వల్ల పేము కుర్చీలకి బూజు పడుతుంది, చూసుకోండి. మెత్తలు వద్దు, ఉతకగలిగేవి అయితేనే. మేం ఉన్న ఇంట్లో సోఫాకి పుట్టగొడుగులు మొలిచాయి, ఉత్తినే చెప్పట్లేదు.

కొబ్బరిపీచు
మా అంబాజీపేట వైపు రండి, పీచు పలకలు తీసుకోండి. సున్నం గోడ, టైల్స్ నేల, 15 అడుగుల ఎత్తు అంటే మాట కంచు మోగినట్టు మోగుతుంది, పది మంది మాట్లాడితే సంతలా ఉంటుంది. వాసాల మధ్య పీచు పలకలు బిగిస్తే గోల తగ్గుతుంది. దూలం కనపడుతూనే ఉంటుంది. కానీ మంట అంటుకోని మందు పట్టించినవే అడగండి, ఊరికే పీచు మాత్రం పెట్టొద్దు, బార్‌లో సిగరెట్టు ఎవరో ఒకరు వెలిగిస్తారు.

పక్కింటి_పిన్ని
మండువా తెరిచి పాటలు పెడితే చుట్టుపక్కల వాళ్ళ సంగతేంటి? మా వీధిలో ఒకటి ఇలాగే తెరిచారు, పిల్లల పరీక్షలప్పుడు నరకం చూపించారు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు ఉండకూడదని రూల్ 2000 నుంచే ఉంది. స్పీకర్లు మూసిన హాల్లోనే పెట్టుకోండి, మండువాలో మాటలు చాలు.

యానాం_కుర్రోడు
@పక్కింటి_పిన్ని పక్కిల్లు మా అత్తయ్య వాళ్ళ చెల్లెలిదేనండి, మీకంటే గట్టిగా చెప్పింది.

లెక్కల_మాస్టారు
సరే, నా మాట. భీమవరం ఆయన అన్నట్టు ఏసీ గది ఒకటి ఉండాలి, ముందు హాలే. దాన్ని సరిగ్గా మూయండి. కిచెన్‌కి మధ్యలో తలుపు పెట్టండి, ఎగ్జాస్టు లాగే గాలికి బయటనుంచే వేరే దారి ఇవ్వండి, పొయ్యి దగ్గరే వచ్చి పొయ్యి దగ్గరే పోవాలి. కూలర్ల వేడి, ఐసు మెషిన్ వేడి గదిలోకి కాకుండా వాటి కంప్రెసర్లు పెరటి వసారాలోకి మార్చండి. కరెంటు మీటరు ఎంత తిరిగితే అంత వేడి గదిలోనే పడుతుంది, దాన్ని తీయడానికి మళ్ళీ ఏసీ.

ఒక టన్ను అంటే ఏంటో తెలుసా, 2000 పౌండ్ల ఐసు 24 గంటల్లో కరగడానికి తాగే వేడి. మీరు ఒక మెషిన్‌తో ఐసు చేసి, దాని వేడిని ఇంకో మెషిన్‌తో తోడుతున్నారు.

ఆ రెండు 3 టన్నుల వాటి బదులు తక్కువ స్పీడులో కూడా నడవగల ఇన్వర్టర్ మెషిన్లు, తేమ తీయడానికి విడిగా ఒకటి. 18 కాదు, 26లో పెట్టి పైన ఫ్యాన్లు తిప్పండి. గాలి ఒంటికి తగిలితే రెండు మూడు డిగ్రీలు తక్కువ అనిపిస్తుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ మోటారుది 30 దరిదాపు. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం తగ్గుతుందని కేంద్రం వాళ్ళ కరెంటు పొదుపు సంస్థ బీఈఈనే చెప్తుంది. ఏసీలో వాడే గ్యాస్ ఏదో కూడా అడిగి కొనండి. ఆర్ 410ఏ లీకైతే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడుకి 2088 రెట్లు, ఆర్ 32 అయితే 675. చిన్న కూలర్లకి ఆర్ 290 దొరుకుతుంది, అది మూడే.

బార్_ఓనరు_భీమవరం
26? కస్టమర్లు రిమోట్ అడుగుతారు.

లెక్కల_మాస్టారు
రిమోట్ దాచెయ్యండి. 26లో తేమ 55, 60 ఉంటే ఎవడూ అడగడు. 18లో 80 ఉంటేనే అడుగుతారు, మీరిప్పుడు అమ్ముతున్నది అదే.

బార్_ఓనరు_భీమవరం
సరే ఒకసారి మా దాంట్లో పెట్టి చూస్తా. తేడా వస్తే మీ పేరు చెప్తా.

గోదారి_గట్టు
ఎవరూ వరద ఎత్తలేదు. 1986 సంగతి పెద్దవాళ్ళనడగండి. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, యానాం వీధుల్లో పడవలు తిరిగాయి. గట్టుకి ఐదు నిమిషాలంటున్నారు. ప్లగ్గులన్నీ నాలుగడుగుల పైన పెట్టండి, కూలర్ల కంప్రెసర్లు దిమ్మె కట్టి ఎత్తులో పెట్టండి, కౌంటరు కింద భాగం ప్లైవుడ్ కాకుండా రాయితో కట్టండి. సున్నం గోడ మునిగినా ఆరుతుంది, ప్లైవుడ్ ఉబ్బి చస్తుంది. నది వైపు ఉంటూ ఇవేవీ పట్టించుకోకుండా పర్యావరణం గురించి మాట్లాడితే ఎలా.

మాటల_మూట
దూలాలు బర్మా టేకేమో చూడండి. యానాం దగ్గర పాత రేవు కోరంగి నుంచి ఓడలు రంగూన్ వెళ్ళిన రోజుల్లో వచ్చుండొచ్చు, బర్మాలో మన తెలుగువాళ్ళనే కోరంగీలనేవారు. అదే అయితే మీకు థీమ్ వేరే అక్కర్లేదు, తల ఎత్తి చూపించండి చాలు.

పైరగాలి
దోమల మాట మరిచారు. సాయంత్రం ఏడింటికి యానాంలో తెరిచిన మండువా. చెప్పండి ఇప్పుడు.

గానుగసున్నం
@పైరగాలి మీరే కదా మూయొద్దన్నారు!

పైరగాలి
మూయొద్దనే అంటాను. జాలీ కొడితే గాలి సగం పోతుంది. బల్లల కింద చిన్న ఫ్యాన్లు పెట్టండి, గాలి గట్టిగా ఉంటే దోమ వాలలేదు, కుట్టేది కాళ్ళనే. పెరట్లో నీళ్ళు నిలవనివ్వకండి. ఆ మూసేసిన తూములో ఎన్ని పుట్టాయో.

యానాం_కుర్రోడు
రెండు నెలల తర్వాత వస్తున్నా. తూము తెరిచాం, పది బస్తాల మట్టి, ఒక పాత ఇత్తడి చెంబు వచ్చాయి. చెంబు అత్తయ్య తీసుకుంది. సిమెంటు నాలుగున్నర అడుగుల వరకు కొట్టేశాం, సున్నం ఇంకా వేయలేదు, గోడ అలాగే ఇటుకలతో ఉంది. వచ్చినవాళ్ళంతా "ఇటుక డిజైన్ బాగుంది" అంటున్నారు, మేమేం చెప్పట్లేదు. ఫాల్స్ సీలింగు తీశాం. రెండు దూలాల చివర్లు పుచ్చాయి, @చెదపురుగు చెప్పిన చోటే. ఆ వైపు టేబుళ్ళు తీసేసి గుంజలు నిలబెట్టాం, వడ్రంగి పాత టేకు వెతుకుతున్నాడు.

కిచెన్ తలుపు పెట్టాం. ఏసీలు మార్చడానికి డబ్బుల్లేవు, ఒకటే నడుపుతున్నాం, 26లో, నాలుగు ఫ్యాన్లతో. తేమ మీటరు కొన్నాను, సాయంత్రం 62 చూపిస్తోంది, ముందు ఎంతుండేదో కొలవలేదు కాబట్టి గొప్ప చెప్పుకోలేను. మెనూ కార్డులు మాత్రం గట్టిగా ఉన్నాయి. మండువాలో ఎనిమిది టేబుళ్ళు వేశాం, మూయలేదు. మామయ్య మళ్ళీ మాట్లాడుతున్నారు.

కొంగల వాల్‌పేపరు ఎవరికైనా కావాలా? 14 రోల్స్.

డ్రైడే_దాసు
బావమరిది కనపడని మూల ఎక్కడ పెట్టారో చెప్పలేదు.

యానాం_కుర్రోడు
తులసి కోట ఉన్న చోటు వెనకాల, స్తంభం చాటున. అక్కడ నిన్న మా బావమరిదే కూర్చున్నాడు.